గంటకోసారి నా పేరు

పెళ్లిళ్లలో పక్క కుర్చీలో కూర్చున్నవాళ్లు "మీరేం చేస్తుంటారు?" అని అడిగితే ఒక్క ముక్కలో చెప్పడానికి వీల్లేని పని నాది. "సాఫ్ట్‌వేర్" అంటే చాలామందికి సరిపోయేది. ఇంకొంచెం గుచ్చి అడిగినవాళ్లకు "రెండు టూల్స్‌ని కలుపుతుంటానండీ" అనేదాన్ని. ఆ మాట విన్నాక ఎంతటివాళ్లయినా విస్తరి వైపు తిరగాల్సిందే. ఇప్పుడు రిటైరయ్యాను కాబట్టి, ఈ పనిలోకి కొత్తగా వస్తున్న పిల్లల కోసం అది నిజంగా ఎలాంటి పనో తీరిగ్గా చెబుతాను. ప్రమోషన్ల సంగతి చెప్పను. చెప్పుకోదగ్గవి నాకు రాలేదు కూడా.

ఒకే పని, రెండు చోట్ల రాత

ఏ సాఫ్ట్‌వేర్ కంపెనీలోనైనా రెండు జట్లు ఉంటాయి. ప్రోగ్రాములు రాసేవాళ్లు ఒక జట్టు. కోడ్‌లో ఏం మార్చారు, ఎందుకు మార్చారు, ఎవరు సరే అన్నారు అనేది వాళ్లు ఒక టూల్‌లో నమోదు చేస్తారు. దాన్ని మేం మార్పుల టూల్ అనేవాళ్లం. రెండో జట్టు ప్లాన్ వేసేవాళ్లు. ఏ పని ముందు, ఏది తర్వాత, ఈ రెండు వారాల్లో ఏది అవుతుంది అన్నది వాళ్లు చూస్తారు. వాళ్లకో బోర్డు ఉంటుంది, అదీ కంప్యూటర్‌లోనే. అందులో ఒక్కో పనికి ఒక్కో కార్డు. పని సాగేకొద్దీ కార్డు ఎడమ నుంచి కుడికి జరుగుతుంది. కుడి చివరికి చేరితే పని అయినట్టు.

ప్రోగ్రామర్లకు బోర్డు తెరవాలంటే ఒళ్లుమంట. ప్లానింగ్ వాళ్లకు మార్పుల టూల్ చూస్తే కళ్లు తిరుగుతాయి. అందుకని మధ్యలో ఒక ప్రోగ్రాం పెడతారు. అది గంటకోసారి లేచి, పోయినసారి తర్వాత ఇటు ఏం మారింది, అటు ఏం మారింది అని చూసి, ఇటుది అటు, అటుది ఇటు రాసి మళ్లీ పడుకుంటుంది. దాన్నే సింక్ అంటాం. దాని మంచీచెడ్డా చూసుకోవడమే నా ఉద్యోగం.

వినడానికి ఇంతే. కానీ ఒకే గంటలో ప్రోగ్రామరు "అయిపోయింది" అని పెట్టి, ప్లానింగ్ వాళ్లు అదే పనికి "ఆపండి" అని పెడితే ఎవరి మాట చెల్లాలి? ఇది కంప్యూటర్ తేల్చే విషయం కాదు. పని అయిందా లేదా అన్నది ప్రోగ్రామర్ల మాట, ఏది ముందు అన్నది ప్లానింగ్ వాళ్ల మాట అని రెండు జట్లనీ ఒప్పించేసరికి నాకు తల ప్రాణం తోకకొచ్చింది. అప్పటికీ ఇద్దరికీ నా మీద కోపమే మిగిలింది. మీరు మాత్రం ప్రోగ్రాం జోలికి వెళ్లకముందే కార్డులో ఏ గడి నింపే హక్కు ఎవరిదో తేల్చి, అందరి చేతా సరే అనిపించుకోండి. మొహమాటపడితే ఆ తగవు మీ నెత్తిన పడుతుంది.

ప్రస్తుతానికి

నేను పనిలో కుదిరింది చెన్నైలో. మొదటి బాస్ చలపతి గారు. మంచి మనిషి, మాట మెత్తన, ఏ పనినైనా రేపటికి నెట్టడంలో మహా ఘనుడు. సింక్ నడవాలంటే రెండు టూల్స్‌లోకీ లాగిన్ కావడానికి దానికొక అకౌంట్ ఉండాలి. ప్రోగ్రాముకు వేరే అకౌంట్ అడిగితే పైనుంచి అనుమతి రావాలి. చలపతి గారు కళ్లజోడు తీసి తుడుచుకుంటూ, "ప్రస్తుతానికి నీ అకౌంట్ పెట్టెయ్యమ్మా, తర్వాత మార్చుకుందాం" అన్నారు.

ఆఫీసుల్లో "ప్రస్తుతానికి" అంటే ఎంత కాలమో మీకూ తెలిసొస్తుంది. చలపతి గారు వెళ్లిపోయారు. తర్వాత వచ్చిన బాసులూ వెళ్లిపోయారు. నా అకౌంట్ మాత్రం అలాగే ఉండిపోయింది. సింక్ ఏ కార్డును జరిపినా, ఏ మాట మోసుకొచ్చినా దాని పక్కన "మార్చినవారు: రత్నకుమారి" అని పడేది. నా పేరు ఆ రెండు టూల్స్‌లో కనబడినన్ని సార్లు మా చర్చి రిజిస్టర్లో కూడా కనబడి ఉండదు.

మొదట్లోనే ఒక తమాషా జరిగింది. ఎవరో ఒక కార్డు కింద "టెస్టింగ్ ఇంకా కాలేదు" అని రాశారు. సింక్ దాన్ని అవతలికి మోసింది. మరుసటి గంటకు అవతల కొత్త మాట కనబడిందని దాన్ని మళ్లీ ఇవతలికి మోసింది. సాయంత్రానికి ఆ కార్డు తెరిస్తే, తిరునాళ్ల మైకులో తప్పిపోయిన పిల్లాడి పేరు చదివినట్టు అదే మాట కింద అదే మాట. దానికి మందు ఒకటే. సింక్ తన అకౌంట్‌తో రాసినదాన్ని తానే కొత్తదని ఎత్తుకోకూడదు. అంటే రత్నకుమారి పేరుతో ఉన్న ఏ రాతనూ అవతలికి మోయకూడదు. ఈ పని చేసేవాళ్లందరూ పెట్టుకునే రూలే ఇది. నేనూ పెట్టాను, గోల ఆగిపోయింది.

ఆ రూలుతో ఇంకోటి కూడా జరిగింది. మనిషిగా నేను ఆ టూల్స్‌లో ఏదైనా రాస్తే, అదీ అవతలికి పోదు. అందరి మాటలూ మోసే ప్రోగ్రాం నా మాటను మాత్రం దాటుకుని వెళ్లిపోతుంది. ఆ రోజు నవ్వుకున్నాను. నాకక్కడ రాయాల్సిన మాటలేమున్నాయిలే అనుకున్నాను.

మైపాడు దారిలో

చెన్నై ఆఫీసు మూసేసి, ఇంటినుంచే పని చేసుకోమన్నారు. ఇందుకూరుపేట దాటి మైపాడు వెళ్లే దారిలో మా పెద్దమ్మ ఇల్లు ఖాళీగా ఉంటే అందులో దిగాను. నేను పెళ్లి చేసుకోలేదు. దానికో పెద్ద కథేం లేదు, కుదరలేదు అంతే. ఇంటి వెనక నుంచి మొదలుపెడితే అన్నీ రొయ్యల గుంటలే. వాటికి గాలి కొట్టే ఏరియేటర్లు పగలూ రాత్రీ గిరగిరా నీళ్లు చిమ్ముతుంటాయి. ఆ గుంటలకు కాపలా పెంచలయ్య. మంచినీళ్ల కోసం వచ్చి అరుగు మీద కాసేపు కూర్చునేవాడు.

"ఏందక్కా, పొద్దస్తమానం ఆ పెట్టె ముందరే కూర్చోనుంటావు. ఎవురితో మాట్లాడతా ఉండావు?" అని అడిగాడొక రోజు.

"ఎవురితోనూ లేదయ్యా. ఆడ రెండు జట్లుండాయి. వాళ్లు మాట్లాడుకోరు. వాళ్ల మాటలు అటూ ఇటూ మోస్తా ఉంటా."

"పోట్లాడుకున్నారా?"

"లేదు. ఒకరి మొఖం ఒకరు చూళ్లేదు."

"చూడకుండానే మాటల్లేవా! బలే ఉండారే మీవోళ్లు," అని నవ్వి, మేత బస్తా భుజానికెత్తుకుని పోయాడు.

ఈ ఉద్యోగంలో ఒంటరితనం ఎలా ఉంటుందో మీకెవరూ చెప్పరు కాబట్టి నేను చెబుతాను. పొద్దున లేస్తే అంతమంది మాటలు మీ చేతుల మీదుగా పోతుంటాయి. ఎవరికి జ్వరం వచ్చి పని ఆగిందో, ఎవరు ఎవరి మీద చిరాకు పడ్డారో అన్నీ తెలుస్తాయి. అందులో ఒక్క మాటా మీకోసం కాదు. మీరు ఏ జట్టులోనూ లేరు, కాబట్టి ఎవరి పుట్టినరోజుకూ మిమ్మల్ని పిలవరు. అన్నీ సవ్యంగా ఉంటే మీ ఊసే ఉండదు. కొన్ని రోజులు పెంచలయ్య రాకపోతే, సాయంత్రానికి నా గొంతు నాకే కొత్తగా వినబడేది.

అందుకే తిట్లు వస్తే కూడా బాగుండేది. "రత్నకుమారి గారూ, నా కార్డు ఎందుకు మూశారు?" అని ఎవరైనా అడిగితే అవసరానికి మించి పొడుగ్గా జవాబు రాసేదాన్ని. పోనుపోను పాతవాళ్లు వెళ్లిపోయి కొత్తవాళ్లు వచ్చారు. వాళ్లు నన్ను అడగడం మానేసి నా గురించి రాయడం మొదలుపెట్టారు. "రత్నకుమారి మళ్లీ కార్డు వెనక్కి జరిపింది." "వచ్చే గంటకు రత్నకుమారి సరిచేస్తుంది, ఆగండి." చనువుగా అంటున్నారు కాబోలు అనుకున్నాను. అసలు సంగతి తర్వాత తెలిసింది. తుఫాన్లకు పేర్లు పెట్టినట్టు ప్రోగ్రాములకూ పెడతారు కదా, అలా రత్నకుమారి అంటే సింక్ పేరు అనుకున్నారు వాళ్లు.

ఎవరైనా ఉన్నారా

ఒక మధ్యాహ్నం నాకు ఒక మెసేజ్ వచ్చింది. "ఈ అకౌంట్ వెనక మనిషి ఉన్నారో లేదో నాకు తెలియదు. ఉంటే, నా కార్డులు మీరు పూర్తి చేసినట్టు కనబడుతున్నాయి. అవి నేను చేసిన పనులు. ఒక్కసారి చూడగలరా? దయాకర్, హైదరాబాద్."

చదివి లేచి వంటింట్లోకి వెళ్లాను. ఎందుకు వెళ్లానో తెలియదు, మళ్లీ వచ్చి కూర్చున్నాను. "ఉన్నాను" అని రాశాను. "ఫోన్ చెయ్యనా?"

కాసేపటికి జవాబు వచ్చింది. "చెయ్యండి మేడమ్. నాకు మాట తడబడుతుంది. కొంచెం ఓపిక పట్టాలి."

ఓపిక నా దగ్గర కావలసినంత ఉంది. ఒక్కో మాట దగ్గర ఆగుతూ, మళ్లీ అందుకుంటూ ఆయన చెప్పింది ఇది. ప్లానింగ్ జట్టుకు శైలజ గారని కొత్త హెడ్ వచ్చారు. ఎవరెంత పని చేశారో తెలుసుకోవడానికి, బోర్డులో ఏ కార్డును ఎవరు కుడి చివరికి జరిపారో రిపోర్టు తీయించారు. అందరికంటే పైన రత్నకుమారి అని వచ్చింది. ఈవిడెవరని ఆవిడ అడిగితే, అది మనిషి కాదు సింక్ అన్నారు. సరేనని ఆ వరుస కొట్టేశారు.

మిగతావాళ్లకు దానివల్ల నష్టం లేదు. బోర్డంటే ఎంత ఒళ్లుమంటైనా, పొద్దుటి మీటింగులో దాన్ని తెర మీద పెడతారు కాబట్టి వాళ్లు మాట్లాడుతూనే తమ కార్డులు తామే జరుపుకుంటారు, కాబట్టి వాళ్ల పేర్లు మిగిలాయి. దయాకర్ ఆ మీటింగులో నోరు తెరిచేవారు కాదు. బోర్డు ముట్టుకునేవారు కాదు. పని చేసి మార్పుల టూల్‌లో నమోదు చేసి ఊరుకునేవారు. ఆయన కార్డులన్నీ తర్వాత సింక్ జరిపినవే. నా వరుసతో పాటు ఆయన పనంతా కొట్టుకుపోయింది. ఆయన పేరు ఎదురుగా ఏమీ లేదు. ప్రోగ్రామర్లలోంచి కొందరిని తగ్గిస్తున్నారు, ఆ రిపోర్టు చూసి ఆ వారం చివరికి ఎవరెవరన్నది తేలుస్తారు.

"శైలజ గారికి చెప్పలేదా?" అన్నాను.

"మీటింగులో మొదలుపెట్టానండీ. నేను మొదటి మాట పూర్తి చేసేలోపే టైమ్ అయిపోయిందన్నారు." చాలాసేపు ఆగారు. నేనూ ఆగాను. "ఈ వయసులో బయటికి పంపితే మళ్లీ ఇంటర్వ్యూల్లో కూర్చుని మాట్లాడాలి మేడమ్. నాకు చేతకాని పని అదొక్కటే."

నా మాట దాటలేదు

ఇంతే కదా అనుకున్నాను. మార్పుల టూల్ తెరిచి ఆయన చేసిన ఒక్కో పని కింద, "ఇది దయాకర్ చేసిన పని. సింక్ రాతను మోసింది, అంతే. రత్నకుమారి" అని రాసుకుంటూ పోయాను. గంట గడిచింది. బోర్డులో చూస్తే ఏమీ రాలేదు. ఇంకో గంట ఆగాను. అప్పుడు గుర్తొచ్చింది, నా రాతను మోయొద్దని చెప్పింది నేనే.

సరే, బోర్డులోకి వెళ్లి నేరుగా అక్కడే రాశాను. రాత కనబడుతోంది, చూసే దిక్కు లేదు. నా పేరుతో వచ్చే నోటీసులు వాళ్లందరూ ఎప్పుడో ఆపేసుకున్నారు. గంటకోసారి ఫోన్ మోగితే ఎవరు మాత్రం భరిస్తారు? ఇన్నేళ్లు ఆ రెండు జట్లకూ మధ్య దారి వేసి కూర్చున్నదాన్ని, ఒక్క మాట చెప్పడానికి నాకే దారి లేకపోయింది. ఆ రోజు పడ్డ దిగులు ఇంకే రోజూ పడలేదు.

చివరికి నంబరు పట్టుకుని శైలజ గారికి ఫోన్ చేశాను.

"శైలజ గారాండీ? నేను రత్నకుమారిని."

"ఏ రత్నకుమారి?"

"సింక్ రత్నకుమారిని."

"అది... సింక్ పేరు కదండీ?"

"పేరు నాదేనండీ. సింక్‌కి అరువిచ్చాను."

ఆవిడ నవ్వాలో వద్దో తెలియనట్టు చిన్నగా దగ్గారు. నేను అసలు విషయంలోకి వచ్చి, మార్పుల టూల్ తెరవమన్నాను.

"నాకందులో లాగిన్ లేదనుకుంటానండీ."

"ఉందండీ. అందరికీ ఉంటుంది. మీరు తెరవలేదు, అంతే."

హెడ్‌తో అలా అనొచ్చో లేదో ఆలోచించేలోపే అనేశాను. ఆవిడ తెరిచారు. ఎక్కడ నొక్కాలో, ఎక్కడ పేరు చూడాలో ఫోన్‌లోనే చెబుతూ పోయాను. మధ్యలో, "ఆ చప్పుడేంటండీ?" అన్నారు.

"రొయ్యల గుంటలండీ. వాటికి గాలి కొడుతున్నారు."

"మీరు... సరే, సరే. చెప్పండి." తర్వాత ఆవిడ ఒక్కో పనీ, దాని పక్కన పేరూ పైకి చదువుకుంటూ పోయారు. "ఇవన్నీ ఇతనివేనా? జట్టులో ఇంకెవరూ ముట్టుకోని పనులు కూడా ఇతనే చేశాడే!"

"అవునండీ. మాట్లాడలేదు, అంతే."

శైలజ గారి మీద నాకు కోపం లేదు. ఆవిడ బోర్డును నమ్మారు, అందరూ దాన్ని నమ్మేలా చూడటమే కదా ఇన్నాళ్లూ నా పని. ఆవిడ మీద ఒకటే ఫిర్యాదు. పని చేసిన మనిషిని పిలిచి ఒక్క ప్రశ్న అడిగి, జవాబు పూర్తయ్యేదాకా కూర్చుని ఉంటే నా ఫోన్ అక్కరలేదు. అలా కూర్చునే బాసులు నాకు తక్కువే తగిలారు.

దయాకర్ ఉద్యోగం నిలబడింది. ఆయన నుంచి ఒక చిన్న మెసేజ్, శైలజ గారి నుంచి ఒక పెద్ద మెయిల్ వచ్చాయి. మెయిల్ సారాంశం: ఇకమీదట ఎవరు చేసిన పని వాళ్ల పేరుతోనే బోర్డులో కనబడాలి. సింక్‌కి వేరే అకౌంట్ ఇప్పిస్తున్నాను. పాత కార్డుల్లో కూడా మీ పేరు తీసేసి అసలు పేర్లు పెట్టండి.

పేరు తీసేసిన పని

చలపతి గారి "తర్వాత" అలా వచ్చింది. ఆ పని నేనే చేశాను, ఇంకెవరికీ చేతకాదు కాబట్టి. ఒక టూల్‌లో ఇంటిపేరు ముందుంటే ఇంకోదాంట్లో వెనక. ఒకే పేరున్నవాళ్లు ఉంటారు, పెళ్లయ్యాక ఇంటిపేరు మారినవాళ్లు ఉంటారు, ఎప్పుడో వెళ్లిపోయినవాళ్లూ ఉంటారు. అన్నీ జత చేసి, సింక్‌ని పాత కార్డుల మీద కొంచెం కొంచెంగా నడిపించాను. గంట గంటకూ నా పేరు ఉన్నచోట ఇంకెవరిదో పేరు వచ్చేది. అది న్యాయమే. ఆ పేర్లే మొదటినుంచీ అక్కడ ఉండాల్సింది. అయినా చివరి కార్డు మీద నుంచి కూడా రత్నకుమారి పోయిన రోజు బాధేసింది. ఏడ్చాను కూడా. ఆ బాధ ఎవరికని చెప్పను?

ఆ తర్వాత ఎవరూ నన్ను తిట్టలేదు. "రత్నకుమారి మళ్లీ" అని ఎవరూ రాయలేదు. సింక్ అంతకుముందెన్నడూ లేనంత చక్కగా నడిచింది.

"ఈమధ్య నీ పెట్టె గమ్మునుండాదే అక్కా, పని తగ్గించినారా?" అన్నాడు పెంచలయ్య.

"లేదయ్యా. బాగా జరగతా ఉంది, అందుకే."

"ఓహో. అట్టయితే మంచిదే గదా," అని నా మొఖం చూసి, ఇంకేమీ అడగకుండా మంచినీళ్లు తాగి కూర్చున్నాడు. ఆ రోజు మామూలు కంటే ఎక్కువసేపే కూర్చున్నాడు.

పిల్లలూ, ఈ పనిలో చేరిన మొదటి రోజే ప్రోగ్రాముకు దాని పేరుతోనే అకౌంట్ తీసుకోండి. మీ పేరు అరువివ్వకండి. మీ రెండు జట్లలోనూ ఒక్కొక్కరితోనైనా వారానికోసారి నోటితో మాట్లాడండి, పని లేకపోయినా సరే. దాన్ని పని వేళలో చేసే కబుర్లు అనుకునే బాసులు ఉంటారు. వాళ్లు అనుకుంటే అనుకోనివ్వండి.

చివరి రోజు

వీడ్కోలు కాల్‌లో శైలజ గారు నాలుగు మంచి మాటలు చెప్పారు. ఈమధ్యే చేరిన ఒకమ్మాయి, "అంటే ఆ పాత సింక్ మీరేనా మేడమ్?" అంది. అందరూ నవ్వారు, నేనూ నవ్వాను. దయాకర్ పేరు తెర మీద కనబడుతోంది, మైక్ తెరవలేదు. అంతమంది ముందు తెరవరని నాకు తెలుసు. కాల్ అయిపోయింది. సాయంత్రం నా అకౌంట్ మూసేస్తారని ముందే చెప్పారు.

ఇంకేం చెయ్యాలో తోచక మార్పుల టూల్ తెరిచాను. దయాకర్ కోసం నేను మొదట రాసిన చోటుకే వెళ్లి, దాని కింద "ఈ రోజుతో నా పని అయిపోయింది. అందరూ క్షేమంగా ఉండండి. రత్నకుమారి" అని రాశాను. ఆ అకౌంట్‌లో ఇప్పుడు సింక్ లేదు, నేను మాత్రమే ఉన్నాను. మోయొద్దన్న రూలు ఇప్పుడు సింక్ కొత్త అకౌంట్‌కే, నాకిక వర్తించదు. గంట అయ్యేదాకా, ఇన్నేళ్లు అందరూ ఎదురుచూసినట్టే, నేనూ ఎదురుచూశాను. బోర్డులో చూస్తే నా మాట ఉంది. దాటి అవతలికి చేరింది.

కుర్చీలోంచి లేవబుద్ధి కాలేదు. మరుసటి గంటకు అటునుంచి ఒక జవాబు వచ్చింది. ఏనాడూ బోర్డు ముట్టుకోని మనిషి తెరిచి రాసిన జవాబు. "చేరింది అక్కా. దయాకర్."

అంతకుముందెప్పుడూ ఆయన నన్ను అక్కా అనలేదు. జవాబు రాద్దామని కీబోర్డు మీద చెయ్యి పెట్టాను. ఏం రాయాలో వెతుక్కుంటుండగానే అకౌంట్ మూసుకుపోయింది.

ఇప్పటికీ గోడ గడియారంలో గంట అయ్యేసరికి తల తిప్పి చూస్తాను. చేరిందన్నారు కదా, ఆ మాట చాలని నాకు నేనే చెప్పుకుంటాను. కొన్ని సాయంత్రాలు చాలదు.